నాకు పడిన ఒకే ఒక్క ఓటు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో నేను పంచాయతీ మెంబరుగా పోటీ చేశాను. నిజానికి పోటీ చేసింది మా ఆవిడ, నామినేషను మీద వేలిముద్ర పడకుండా సంతకం పెట్టగలిగినవాణ్ణి కాబట్టి నన్ను ముందుకు తోసింది.

మాది మార్టూరు దగ్గర నల్లరేగడి ఊరు. ప్రకాశం జిల్లా అప్పటికింకా పుట్టలేదు, మేమూ గుంటూరు జిల్లా వాళ్లమే. ఆ నేలలో పత్తి పండుతుంది, మిరప పండుతుంది, బావి తవ్వితే మాత్రం ఉప్పునీళ్లు పడతాయి. మంచినీళ్ల కోసం ఆడవాళ్లు పత్తిచేలు దాటి ఎక్కడో ఉన్న దిగుడుబావికి నడిచేవాళ్లు. మా వార్డులో ఒక బావి తవ్విస్తామని, చోటు కొత్త మెంబరు చూపించాలని పంచాయతీవారు చెప్పారు. వీధికి పై కొసన మా ఇళ్లు, కింది కొసన అవతలివాళ్ల ఇళ్లు. మెంబరు ఏ కొసవాడైతే బావి ఆ కొసకే వస్తుందని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

"ఏందయ్యా, ఊరందరికీ కబుర్లు చెప్తావు గదా, ఆ నోటితో నాకో బావి సంపాయించలేవా?" అంది మా ఆవిడ.

కింది కొస నుంచి నిలబడ్డ పెద్దాయన నాకు వీధి వరసన మామ. పొడుగాటి మనిషి, పొడుగాటి చుట్ట, మాట మాత్రం బహు పొట్టి. అలాంటివాడి మీద గెలవడం నాలాంటి మాటకారికి ఎంత పని అనుకున్నాను.

మా పంచాయతీకి అప్పట్లో ఓటు పెట్టెలు లేవు. జనాన్ని బడి ముందు కూర్చోబెట్టి ఆఫీసరు ఒక్కో పేరే పిలుస్తాడు, ఇష్టమైనవాళ్లు చెయ్యెత్తుతారు. మావాళ్లకు ఈ తతంగం కొత్త. ఏ పేరుకు ఎత్తాలో, ఎప్పుడు దించాలో తెలియక తికమక పడుతుంటే నేనే ఇంటింటికీ తిరిగి తేలికదారి చెప్పాను. "పేర్లతో మీకేం పని? నన్ను చూస్తా కూర్చోండి. నా చెయ్యి లేస్తే మీ చేతులు లేవాల, నేను దించితే దించాల."

అక్కడితో ఆగి ఉంటే మెంబరునయ్యేవాణ్ణి. కానీ అది మిరప కోతల కాలం. సాయంత్రాలు రెండు కొసలవాళ్లూ ఒకే కల్లంలో కూర్చుని ఎండిన కాయల్లోంచి తాలుకాయలు ఏరేవాళ్లు. అంతమంది కదలకుండా ఒకచోట కూర్చుని ఉంటే ఊరుకోవడం నా వల్ల కాదు.

గుంటూరులో ఒక ప్లీడరు గుమాస్తా దగ్గర విన్న ముక్క ఒకటి నా దగ్గరుంది. వెనకటి శతాబ్దంలో తెల్లదొరలు ఏలిన దేశాల్లో చీటీలూ పెట్టెలూ లేకుండానే ఎన్నికలు జరిగేవట. ఓటరు అరుగెక్కి, తన ఓటు ఎవరికో అందరి ముందూ పైకి చెప్పాలట. గుమాస్తా చెప్పింది అంతే. మిగతాది నేను పండించాను. మా ముత్తాతను ఓడెక్కించి, సముద్రం దాటించి, ఒక చెరుకుతోటల దీవిలో దింపాను. ఆయన వెళ్లిన ఏడే అక్కడ సార్వత్రిక ఎన్నికలు పెట్టించాను.

"మీ ముత్తాతకి ఓటుందా?" అడిగింది తాలుకాయలు ఏరుతున్న ఒక ముసలమ్మ.

"కూలోళ్లకి ఓటెక్కడిదే అవ్వా! ఓటు దొరది. దొర నెత్తిన పట్టే గొడుగు మా ముత్తాతది."

కల్లమంతా నవ్వింది. నవ్వితే నాకు పూనకమే. పోటీపడ్డ దొరలిద్దరినీ అరుగెక్కించాను. "మొదటి దొర టోపీ తీసి, నా ఓటు నాకెదురు నిలబడ్డ పెద్దమనిషికే అన్నాడు. రెండో దొర ఊరుకుంటాడా? నాదీ ఆయనకే అన్నాడు. అదీ మర్యాద! తనకి తను ఓటేసుకునేవాణ్ణి ఆ దీవిలో కుక్క కూడా పలకరించదు" అన్నాను.

దూరంగా చుట్ట కాలుస్తున్న మామ మెల్లగా, "నిజమేనంటావా అల్లుడూ?" అన్నాడు.

"మా ముత్తాత మీద ఒట్టు!" అన్నాను. ఓడెక్కడం మాట అటుంచి, ఆయన ఏనాడూ చీరాల దాటి ఎరగడు.

ఎన్నిక రోజున బడి ముందు ఆ కొస వాళ్లు అటూ, ఈ కొస వాళ్లు ఇటూ కూర్చున్నారు. ఆఫీసరు ముందు నా పేరే పిలిచాడు. నేను చెయ్యి ఎత్తబోతుండగా మామ లేచి నిలబడ్డాడు. కండువా సర్దుకుని, చెయ్యి నిటారుగా ఎత్తాడు.

"నా ఓటు మా అల్లుడికండీ. పెద్దమనుషుల మర్యాద ఇదేనంట, అతనే చెప్పాడు."

జనం గొల్లుమన్నారు. అందరి కళ్లూ నా మీదే. ఇప్పుడు నా చెయ్యి లేచిందంటే దీవీ లేదు, దొరలూ లేరు, ముత్తాత గొడుగూ లేదు. ఇక జన్మలో నా కథ ఎవరూ వినరు. ఆడవాళ్ల వరసలోంచి మా ఆవిడ కళ్లతోనే "ఎత్తవయ్యా, ఎత్తు!" అంటోంది. నేను చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. నన్నే చూస్తున్న మావాళ్లంతా బుద్ధిగా చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. నా చెయ్యి లేపించే కంగారులో మా ఆవిడ తన చెయ్యి ఎత్తడమే మరిచిపోయింది.

తరవాత మామ పేరు పిలిచారు. పెద్దమనిషిలా చెయ్యెత్తక తప్పలేదు. ఎత్తానో లేదో నా వెనక పై కొస పై కొసంతా చేతులు లేపింది. "దించండ్రా!" అని పళ్ల మధ్య నుంచి గొణిగాను. నా చెయ్యి ఇంకా పైనే ఉంది గనక ఎవరూ దించలేదు. మా ఆవిడ ఒక్కతే చెయ్యెత్తకుండా నెత్తి కొట్టుకుంది. కింది కొసవాళ్లు సరేసరి, అందరూ ఎత్తారు. నాకు పడింది మామ ఓటు ఒక్కటే.

బయటికి వస్తూ కింది కొసవాణ్ణొకణ్ణి పట్టుకుని, "మీ పెద్దాయన నాకు ఎత్తితే మీరెందుకు ఎత్తలేదురా?" అని అడిగాను.

"ముందే చెప్పాడు బావా. మర్యాద నాది, ఓటు మీది, అన్నాడు."

బావి మామ గుమ్మం ముందు పడింది. నీళ్లు ఉప్పగా పడితే కాస్త ఊరట దొరుకుతుందని రోజూ వెళ్లి తొంగి చూశాను. తియ్యగా పడ్డాయి. ఆ సాయంత్రం మా ఆవిడ రెండు బిందెలు, కావడి తెచ్చి నా ముందు పెట్టింది. వీధి పొడుగునా నవ్వులు దాటుకుంటూ వెళ్లి, సగం నీళ్లు నా పంచెకు పోసి, మిగతా సగం ఇంటికి తెచ్చాను.

మా ఆవిడ చెంబు ముంచుకుని నిలబడే తాగింది. మూతి తుడుచుకుని, "దిగుడుబావికి నడిచే బాధ తప్పింది. మెంబరు ఎవరైతేనేం, నీళ్లు బాగున్నాయి" అంది. అని బిందెలు మళ్లీ కావడికి తగిలించింది. "పోయిరా. తొట్టి ఇంకా నిండలేదు."