తడి బొటనవేలు

పెడన అద్దకం మావయ్య ఏ గుడ్డ చూసినా బొటనవేలు తడిచేసి, దానిమీద రుద్ది, వేలికేసి చూసుకునేవాడు. బందరులో జీతానికి ఆడే మా ఫుట్‌బాల్ జట్టు కొత్త చొక్కాలకు ఆయనే ఎరుపు అద్దాడు.

"రంగింకా పచ్చిగా ఉందండీ. ఇంకో రెండుసార్లు కాలవలో జాడించాలి, ఇప్పుడే ఇవ్వలేను," అన్నాడు. జట్టు యజమాని వినలేదు, మా చేతే మోయించుకొచ్చేశారు.

గుడివాడ జట్టుతో ఆట. చెమటకు రంగు కారింది. మేం ఢీకొన్నప్పుడల్లా వాళ్ల తెల్లచొక్కాలూ ఎర్రబడ్డాయి. ఎవరు ఎవరో తెలియక రెఫరీ ఆట ఆపేశాడు.

"ఈ పని చేసిందెవడు?" అని యజమాని జనం ముందు గద్దించారు.

మావయ్యే ముందుకొచ్చి, వేలు తడిచేసి నా చొక్కామీద రుద్ది చూసుకున్నాడు.

"తప్పు నాదేనండీ. పచ్చి రంగు ఇవ్వకుండా ఉండాల్సింది."

నిజం తెలిసిన పదకొండుమందిమీ ఆ ఎర్రచొక్కాలు విప్పేసి పాత పసుపు చొక్కాలు తొడుక్కున్నాం.