రెండక్షరాలు, వేడి సూప్

మా ఆఫీసు రిసెప్షన్ గోడకి నల్లసిరాతో రాసిన రెండు పెద్ద అక్షరాల పటం ఉండేది. మా ముదీర్, అంటే అరబ్బీలో మేనేజరు, కొరియా మనిషి. ఎవరొచ్చినా ముందు ఆ పటం దగ్గర నిలబెట్టి పాఠం చెప్పేవాడు. మొదటి అక్షరం దయ, రెండోది న్యాయం. చైనా పాత గురువుల మాట. వాళ్ళు 'రెన్-యి' అంటారు, కొరియాలో 'ఇన్-ఉయ్', జపాన్‌లో 'జింగి'. పలుకు మారినా అక్షరాలు అవే, మా కంపెనీ నడిచేదీ వాటి మీదేనట. నా పక్క సీట్లో డ్రాయింగులు గీసే చైనా అమ్మాయి పాఠం మొదలవగానే హెడ్‌ఫోన్లు తగిలించుకునేది. చెప్పేవి శ్రీరంగనీతులు అని మనవాళ్ళు ఊరికే అన్నారా!

కరోనా గోల సద్దుమణిగాక ఒక వేసవిలో ఆయనకి సైట్ కూలీల మీద దయ పుట్టింది. మండే రోజుల్లో వేడి వేడి కోడి సూప్ తాగడం వాళ్ళ దేశంలో ఆచారం. వేడిని వేడితోనే కొట్టాలంటారట. తిండి పెడతానంటే ఎవరు కాదంటారు? కానీ ఆయన ఎంచుకున్న వేళ మిట్టమధ్యాహ్నం. ఎండాకాలం ఆ వేళ ఆరుబయట పని చేయించకూడదని ఈ ఎడారి దేశంలో రూలు. తెల్లారకముందే సోనాపూర్ లేబర్ క్యాంపు నుంచి బస్సుల్లో వచ్చేవాళ్ళకి ఆ కాసేపే ప్రాణం. బూట్లు విప్పి షెడ్డు నీడన ఒరిగిపోతారు.

వాళ్ళతో తెలుగూ హిందీ మాట్లాడటానికి నన్ను తీసుకెళ్ళారు. షెడ్డులో వెలుతురు చాలదన్నాడు ఫోటోలవాడు. అంతే, బ్యానరు ఎండలో కట్టారు. ఫోర్‌మన్ యల్లా యల్లా అంటూ నిద్రపోతున్నవాళ్ళని లేపి వరసలో నిలబెట్టాడు. జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన, పెద్ద వయసువాడు, తూలుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"బిడ్డా, సూపు మంచిగనే ఉంటది గావచ్చు. పొద్దుగాలసంది నా పానం మంచిగ లేదు. గా నీడకు జరంత పండుకోనియ్యుమని చెప్పు."

ఉన్నదున్నట్టు ముదీర్‌కి చెప్పాను. ఆయన నవ్వి, ఇది తాగితే అన్నీ పోతాయి, ఒక్క ఫోటో అయ్యాక పడుకోమను అన్నాడు. పొగలు కక్కే గిన్నె తనే తెచ్చి ఆ మేస్త్రీ చేతుల్లో పెట్టి కెమెరా వైపు తిరిగాడు. కాసేపటికే మేస్త్రీ మోకాళ్ళు వంగిపోయాయి, సూప్ గుండెల మీద ఒలికింది. మేం నీడకి మోసుకెళ్ళి నీళ్ళు పోస్తూ, అంబులెన్స్‌కి ఫోన్ చేస్తూ ఉంటే ముదీర్ ఫోటోలవాణ్ణి అడుగుతున్నాడు.

"పడకముందు ఒక్కటైనా వచ్చిందా?"

ఛీ.

వచ్చిందట. పెద్దది చేయించి ఆ అక్షరాల కిందే తగిలించాడు. పరీక్షగా చూస్తే మేస్త్రీ పడిపోకుండా వెనకనుంచి చొక్కా పట్టుకున్న ఫోర్‌మన్ వేళ్ళు కనిపిస్తాయి. దాన్ని దాటి వెళ్ళి అన్నం డబ్బా విప్పితే నాకు ముద్ద దిగేది కాదు. నాకు అసహ్యం వేస్తోందని చైనా అమ్మాయితో అన్నాను. తను హెడ్‌ఫోన్లు తీసింది. వాళ్ళ అమ్మమ్మ చిన్నప్పుడు నేర్పిందట. ఎదుటివాడి బాధకి మనసు కరిగితే మొదటి అక్షరం మొలుస్తుంది, చెడ్డపని చూసి అసహ్యం పుడితే రెండోది మొలుస్తుంది.

"నీకు మొలిచింది. దాన్ని చంపేసుకోకు," అంది.

ఆ ఆచారం వేసవిలో ఒక్కరోజుతో అయిపోదు. మళ్ళీ సూప్ గిన్నెలు సైట్‌కి చేరేసరికి అందరూ నిద్రలో ఉన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చిన మేస్త్రీ కూడా మొహం మీద చొక్కా కప్పుకుని ఓ మూల పడుకున్నాడు. ఫోర్‌మన్ నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాను. ముదీర్ కారు దిగి, వరసేదీ అన్నాడు.

"పడుకున్నారు సార్. నేను లేపను, లేపనివ్వను."

నా వీసా ఎవరి చేతిలో ఉందో మెల్లగా గుర్తుచేశాడు. తెలుసన్నాను. షెడ్డు గుమ్మంలోంచి మాత్రం కదల్లేదు. గిన్నెల్లో సూప్ మీద కొవ్వు తెట్టుకట్టింది. వాళ్ళు పని వేళ దాకా పడుకున్నారు.

నెల తిరక్కుండానే నా ఉద్యోగం ఖలాస్. వెళ్ళేటప్పుడు మేస్త్రీ ఫోటో గోడ మీంచి తీసి సంచిలో పెట్టుకున్నాను. అక్షరాలు ముదీర్‌కే వదిలేశాను. ఎటూ ఆయనకి చదవడం రాదు.