రాయికి పెట్టిన బొట్టు

మధ్యాహ్నం రెండింటికి హవాయి పెద్ద ద్వీపంలోని అమెరికా సైన్యపు శిక్షణ మైదానానికి చేరాం. ఎత్తు ఆరువేల అడుగులకు పైనే. బీచ్ లేదు. నల్ల లావా రాళ్లు, చలిగాలి, సన్నటి వాన. వర్జీనియాలోని షాంటిలీలో మా ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసి "సన్‌స్క్రీన్ పెట్టుకున్నావా నాన్నా?" అంది. అప్పటికి రెండు జాకెట్లు వేసుకుని ఉన్నాను.

నేను రేడియో ఆపరేటర్ని. మా డ్రైవర్ టెక్సస్ తెల్లవాడు. సార్జెంట్ ఆ ద్వీపంలోనే పుట్టినవాడు. తెల్లవాళ్లను, పరాయివాళ్లను హావొలే అంటారని, కొత్తగా వచ్చినవాళ్లను మలిహిని అంటారని మొదటి రోజే చెప్పాడు. "హావొలే మామూలుగానూ అంటారు, తిట్టుగానూ అంటారు. మొహం చూసి తెలుసుకోండి." నా రంగు చూసి కొట్లలో నన్ను లోకల్ అనుకునేవారు. లోలోపల గర్వంగానే ఉండేది.

మా క్యాంపు పక్కనున్న గుట్ట మీది రాళ్లు ముట్టుకోవద్దన్నది ఆర్డర్. మూడో వారం, ఉదయం 6:40కి యాంటెన్నా పని మీద ఆ గుట్ట పక్కకి వెళ్లాను. ఆకులు చుట్టిన నిలువు రాయి కనిపించింది. చుట్టూ శుభ్రంగా ఉంది. దేవుడని తెలిసిపోయింది. అమ్మ నా బ్యాగులో పెట్టి పంపిన కుంకుమ తీసి నిండుగా బొట్టు పెట్టి, దండం పెట్టుకున్నాను. ఆర్డర్ ఆకతాయిలకు గాని భక్తులకు కాదనుకున్నాను.

తొమ్మిదికి ఆ చోటును చూసుకునే ముసలావిడ వచ్చింది. సార్జెంట్‌కి వరసకు పెద్దమ్మ. రాళ్ల జోలికి రామని అతను ఆమెకు మాటిచ్చాడు. ఎర్ర మరక చూసి ఆమె నేరుగా డ్రైవర్ ముందుకెళ్లి "హావొలే" అంది. మొహం చూస్తే అది తిట్టే. బండ్లకు నంబర్లు వేసే ఎర్ర పెయింట్ ఉండేది అతని దగ్గరే.

"రిపోర్ట్ రాస్తే నీ ప్రమోషన్ పోతుంది, తెలుసా?" అన్నాడు సార్జెంట్.

"నేను కాదు సార్జెంట్."

ఎవరూ నమ్మలేదు. నా వైపు ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే సరిపోయేది. ఒక నిమిషం మూసుకున్నాను కూడా. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"నేనే పెట్టాను," అన్నాను. "మా ఇంట్లో దేవుడికి ఇలాగే పెడతాం."

ఆవిడ నా వైపు తిరిగింది. "మలిహినివి. అడిగి ఉండాల్సింది. ముందు కడుగు, తర్వాత నేర్చుకుందువుగాని."

సార్జెంట్ రిపోర్ట్ రాయలేదు.

నాలుగు గంటలు కడిగాను. కుంకుమ రాతి గుంతల్లోకి దిగిపోయింది. పిలవకుండానే డ్రైవర్ తన టూత్‌బ్రష్‌తో వచ్చి పక్కన కూర్చున్నాడు.

"సారీ మ్యాన్," అన్నాను.

"ఆ మూల రుద్దు ముందు," అన్నాడు.

తొమ్మిది నెలలకు షాంటిలీ తిరిగొచ్చాను. ఆంటీలు బీచ్ ఫొటోలు అడుగుతారు. నా దగ్గర లేవు. ఆ ముసలావిడకి, సార్జెంట్‌కి, డ్రైవర్‌కి నేను రుణపడి ఉన్నానని ఆంటీలకు ఎలా చెప్పను? కళ్లు మూసుకుంటే ఒక్కటే కనిపిస్తుంది. రాయి శుభ్రమయ్యాక ఆవిడ డ్రైవర్ దగ్గరికి వెళ్లింది. అక్కడివాళ్లు సొంతవాళ్లను పలకరించినట్టు, అతని మెడ వెనక చేతులు వేసి, నుదురు నుదుటికి ఆనించి ఊపిరి పీల్చింది. ఆమెకు అందడం కోసం ఆ ఆరడుగుల మనిషి వానలో మోకాళ్ల మీద కూర్చున్నాడు.