ఐదు మాటల పరీక్ష

ఎనభైల నడిమి సంవత్సరాల్లో నేను గుంటూరులో మెదడు ఆపరేషన్లు చేస్తూనే, తలకు దెబ్బ తగిలినవాళ్లకు జ్ఞాపకశక్తి ఎలా తిరిగొస్తుందో పరిశోధన మొదలుపెట్టాను. అందుకు నా దగ్గరున్న పరికరాలు ఒక కాగితం, ఒక చేతిగడియారం. కాగితం మీది ఐదు మాటలు చదివి వినిపించి, ఐదు నిమిషాలాగి తిరిగి చెప్పమనేవాణ్ణి.

గురజాల దగ్గర నాపరాళ్ల క్వారీలో పనిచేసే ఒకతను నెత్తిన రాయిపడి మా దగ్గరకొచ్చాడు. తల తెరిచి, గడ్డకట్టిన నెత్తురు తీసేశాను. బతికాడు. ఇంటికి పంపేముందు పరీక్ష పెడితే మామిడికాయ, గొడుగు, నాగలి, సైకిలు, అద్దం అన్న ఐదింటిలో రెండే చెప్పాడు.

"తప్పితే ఏమవుద్దయ్యా?" అని అడిగింది అతని భార్య.

"మూడు నెల్ల తర్వాత మళ్ళీ చూస్తానమ్మా," అన్నాను తొందరలో.

మూడు నెలలు దాటినా వాళ్లు రాలేదు. నేనే బస్సెక్కి వెళ్లాను. ఊరి మొదట్లో మిరపకాయలు ఆరబోస్తున్న ఒకావిడను వాళ్ల ఇల్లెక్కడని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"గుంటూరు డాక్టరుగారా? మామిడికాయ, గొడుగు, నాగలి, సైకిలు, అద్దం. మాకందరికీ వచ్చు," అని, ఆ తర్వాత దారి చెప్పింది.

సంగతి ఇంటికెళ్లాక తెలిసింది. మళ్ళీ చూడటమంటే మళ్ళీ తల తెరిచి చూడటమని భార్య అనుకుని, రావడానికి భయపడింది. అతను తప్పకూడదని ఊరంతా పూనుకుంది. పక్కింటి బడిపంతులుగారు రోజూ పొద్దున్నే వచ్చి వల్లె వేయించారు. ఆదివారం ప్రార్థనయ్యాక పాస్టరుగారు అందరిచేతా ఒకసారి అనిపించారు.

నేను తెచ్చిన కాగితంలో ఉన్నవి కొత్త మాటలు. కుండ, గుర్రం, లాంతరు, గొడ్డలి, చింతపండు అని చదివి గడియారం చూసుకున్నాను. ఐదు నిమిషాలయ్యాక అతను చేతులు కట్టుకుని నిలబడి, మామిడికాయ నుంచి అద్దం దాకా గడగడా అప్పజెప్పాడు. వాకిట్లో జనం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

"ఇవి కాదమ్మా. ఇవాళ వేరేవి చదివాను," అన్నాను అతని భార్యతో.

"చెప్పకుండా పాఠం మారిస్తే ఎట్టాగండీ? పిల్లలకైనా ముందు చెప్తాం గదా," అన్నారు పంతులుగారు నొచ్చుకుంటూ.

భార్య కళ్లనీళ్లు పెట్టుకుంది. తల మళ్ళీ తెరవనని ఆమెకు మూడుసార్లు చెప్పాను. నమ్మడానికి బైబిలు మీద ప్రమాణం చేయమంది. చేశాను. నా పరిశోధన పుస్తకంలో అతని పేరు ఎదుట ఏం రాయాలో తోచక, "ఊరు చెప్పించింది" అని రాసుకున్నాను.

సాయంత్రం నన్ను బస్సెక్కించడానికి అతనే వచ్చాడు. దారి తడుముకోలేదు. బస్సు వేళ కూడా సరిగ్గా చెప్పాడు. నన్ను కిటికీ పక్క కూర్చోబెట్టి, బ్యాగు అందించి, కాస్త మొహమాటపడుతూ అడిగాడు.

"ఏమనుకోబాకండి. ఇంతకీ తమరెవరండీ?"