గాలి గొట్టం గోల

"…అది కారు బావా, హోటలు వంటింటి పొగగొట్టం కాదు, నీ ఇష్టమొచ్చినట్టు రేకు చుట్టి బిగించడానికి!"

"పొగగొట్టం లోపలి పొగని బయటికి పంపుతుంది. ఇది బయటి గాలిని లోపలికి తెస్తుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాత్రం తేడా తెలియకపోతే ఎలాగమ్మా టీచరమ్మా?"

"తేడాతో నాకేం పని? నీ చొక్కాల్లోంచి రేకు ముక్కలు ఏరేదాన్ని నేను. ఏ గొట్టం ముక్కలైనా ఒకలాగే గుచ్చుకుంటాయి."

షెడ్డులో కారు బానెట్ ఎత్తి ఉంది. మేస్త్రి నడుం దాకా ఇంజిన్ మీదికి వంగి ఉన్నాడు. అతని భార్య, కారు నెత్తిన పెట్టే డ్రైవింగ్ స్కూలు బోర్డుని చంకలో ఇరికించుకుని, లైటు పట్టుకుని నిలబడింది. పోట్లాడుతున్నా లైటు మాత్రం అతనికి కావలసిన చోటే పడుతోంది.

అతను డక్టు మేస్త్రి. పెద్ద భవనాల్లో ఏసీ గాలి నడిచే రేకు గొట్టాలు చేసి బిగించడం అతని పని. ఆస్పత్రులకీ సినిమా హాళ్లకీ గాలి తోలాడు గానీ, అతని పనితనం చూసినవాళ్లు తక్కువ. గొట్టాలు బిగించాక కింద అందమైన కప్పు వేసేస్తారు. "మా ఆయన పని చూడాలంటే నిచ్చెన వేసుకోవాలి" అని ఆమె చుట్టాల దగ్గర అంటూ ఉంటుంది. ఎక్కడికి వెళ్లినా తల పైకెత్తి గాలి ఎటునుంచి వస్తోందో చూడడం అతనికి అలవాటు. వాళ్ల పెళ్లి ఫొటోల్లో సగం వాటిలో పెళ్లికొడుకు పెళ్లికూతురిని కాకుండా హాలు కప్పుని చూస్తున్నాడు. మేనమామ కూతురు కనక ఆమె సరిపెట్టుకుంది, బయటి పిల్లయితే ఆ రోజే పీటల మీంచి లేచిపోయేదని ఇప్పటికీ దెప్పుతుంది.

పనిలో అతనికి ఒకటే పరీక్ష. గాలి వచ్చే కంత దగ్గర పలచటి కాగితం ముక్క పట్టుకునేవాడు. కాగితం కదలాలి, చెవికి మాత్రం ఏమీ తెలియకూడదు. గొట్టం చప్పుడు చేసిందంటే చేసినవాడికి పని రాదని అర్థం. తన కింద పనిచేసినవాళ్లందరికీ మొదట నేర్పింది ఆ మాటే.

ఆమె డ్రైవింగ్ నేర్పుతుంది. సొంత కారు, సొంత స్కూలు, ఆఫీసు ఇంటి వరండా. టీచరు సీటు కింద కూడా ఒక బ్రేకూ ఒక క్లచ్చీ ఉండే ఆ కారు కొన్నప్పుడే పాతది. ఈ ఊళ్లో స్టీరింగు పట్టిన చేతుల్లో చాలా వాటి మీద ఆమె స్కేలుతో చిన్న దెబ్బ వేసి ఉంటుంది. ఆమె దగ్గర నేర్చుకునేవాళ్లందరూ, అరవై దాటినవాళ్లతో సహా, ఆమెకి "పిల్లలే".

చిక్కంతా రైల్వే వంతెన దగ్గర వచ్చింది. లైసెన్సు పరీక్షలో వంతెన ఎక్కుడు మధ్యలో కారు ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలి. కొన్నాళ్లుగా ఆమె పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు. కారు ఆయాసపడుతుంది, దగ్గుతుంది, చచ్చి ఊరుకుంటుంది. వెనకనుంచి హారన్లు. మొదట్లో ఆమె "ఆడలేక మద్దెల ఓడన్నాడట" అని పిల్లల్నే కేకలేసేది. ఈమధ్య మద్దెలే ఓడేమోనని ఆమెకే అనుమానం పట్టుకుంది. ఇంతలో మెయిన్ రోడ్డు మీద కొత్తగా పెట్టిన పెద్ద స్కూలు నుంచి కబురు వచ్చింది. అన్నీ కొత్త కార్లు, ఎక్కుడులో వాటంతటవే జారకుండా నిలబడతాయి. ఆ స్కూలు పెట్టిన కుర్రాడు ఆమె దగ్గర నేర్చుకున్నవాడే. "మీ కారు తుక్కుకి ఇచ్చేసి మా దగ్గరికి వచ్చేయండి టీచరమ్మా, శనివారంలోగా చెప్పండి చాలు" అన్నాడు.

"వెళ్తాలే" అంది ఆమె ఇంట్లో. అని, ఆ రోజంతా కారు అద్దాలు తుడిచింది. తుడిచిన అద్దమే మళ్లీ తుడిచింది. మేస్త్రి అది చూశాడు. వెళ్లి బానెట్ ఎత్తాడు.

ఇంజిన్ నెత్తిన మూతపెట్టిన పళ్లెంలాంటి డబ్బా ఉంది. ఇంజిన్ పీల్చే గాలి అందులోంచే పోవాలి. ఆ డబ్బా ముక్కు సరిగ్గా పొగ బయటికి పోయే వేడి గొట్టం పక్కకే తిరిగి ఉంది. చెయ్యి పెట్టి చూసి చురుక్కుమంటే వెనక్కి లాక్కున్నాడు.

"పాపం, ఇన్నేళ్లుగా పొయ్యి పక్కన ముక్కు పెట్టి ఊపిరి పీలుస్తోందే ఇది! వేడి గాలి పలచన. చల్లగాలి చిక్కన. ముందునుంచి చల్లగాలి తెచ్చిస్తే కొంచెం తెరిపిన పడుతుంది."

మెకానిక్‌ని అడిగితే నవ్వాడు. "కొత్త కార్లకైతే గొట్టం రెడీమేడ్‌గా దొరుకుతుంది మేస్త్రీ. దీనికెక్కడ దొరుకుతుంది? దీని ఈడువన్నీ ఎప్పుడో కరిగి గిన్నెలైపోయాయి."

దొరక్కపోతే చేసుకోవడమే. అందుకే ఈ రేకు, ఈ పోట్లాట.

అతను ఆ పాత డబ్బా ఊడదీసి, అల్యూమినియం రేకు కోసి చెక్కసుత్తితో గుండ్రంగా తిప్పాడు. మలుపు దగ్గర ఒక్కసారిగా వంచకుండా, చిన్న చిన్న ముక్కలు జతచేసి నెమ్మదిగా తిప్పాడు. గాలికి మూలలు గిట్టవు. రివిట్లు కొట్టలేదు. ఒక్క రివిట్ ఊడి లోపలికి పోతే ఇంజిన్ పని సరి. అంచులు ఒకదాంట్లో ఒకటి మడిచి బిగించాడు. దుకాణంలో కొన్న గంట ఆకారపు గాలి ఫిల్టరుని గొట్టం చివర తొడిగి ముందు దీపం వెనక, బంపరు కింద పెట్టబోయాడు.

"అంత కిందకా? మా పిల్లల సంగతి నీకు తెలీదు. రోడ్డంతా వదిలేసి గుంతలోకే దింపుతారు. గాలితోపాటు నీళ్లు కూడా తాగిందనుకో, ఇంజిన్ ఉండదు."

"చెప్పవేం మరి?"

"చెప్పనిచ్చావా? పొద్దుట్నుంచీ గాలి గురించి పాఠమేగా!"

ఫిల్టరు పైకి జరిగింది. ఇంజిన్ వేడి అటు రాకుండా మధ్యలో ఒక రేకు గోడ కూడా లేచింది. అంతా బిగించి గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు. ఇసుమంతైనా కదల్లేదు. ఆ ఊళ్లో అంత గట్టిగా బిగించిన గొట్టం ఇంకొకటి లేదు.

మొదటి సందు చివరికి వెళ్లేసరికే టప్పుమని చప్పుడైంది. ఆమె కారు పక్కకి ఆపింది. గొట్టం మెడ దగ్గర, అతను ముద్దుగా మడిచిన అతుకు నోరు తెరుచుకుని ఉంది.

మేస్త్రి నమ్మలేకపోయాడు. ఆమె ఇంజిన్‌ని స్టార్టు చేసి బండి కదలకుండానే యాక్సిలరేటరు తొక్కింది. ఇంజిన్ ఒక్కసారి పక్కకి ఒరిగి మళ్లీ సర్దుకుంది.

"చూశావా? ఇది కదులుతుంది బావా. నువ్వు ఇటు దీనికీ, అటు బాడీకీ కలిపి గోడకి బిగించినట్టు బిగించావు."

"భవనాలు ఒరగవుగా" అన్నాడతను, పాపం, నిజాయితీగా.

ఆమె స్టీరింగు మీద తల ఆనించి నవ్వింది. కాసేపటికి అతనికీ నవ్వొచ్చింది. ఇద్దరూ తెరిచిన బానెట్ ముందు నిలబడి నవ్వుతుంటే, స్కూటరు మీద పోతున్న ఒకాయన బండి స్లో చేసి, "ఏమైనా సాయం కావాలా?" అని అడిగాడు. "నవ్వడానికా? మేమిద్దరం చాలు" అంది ఆమె.

అతుకు మళ్లీ మడిచాడు. మెడ దగ్గర గొట్టం కోసి, మధ్యలో దళసరి రబ్బరు తొడుగు వేశాడు. ఇంజిన్ ఎంత ఒరిగినా రబ్బరే సాగుతుంది, రేకు మీద బరువు పడదు. శుక్రవారం సాయంత్రం ఇద్దరూ మళ్లీ బయల్దేరారు. గొట్టం నిలిచింది. వంతెన ఎక్కుడులో కారు మునుపటంత దగ్గలేదని ఆమె ఒప్పుకుంది. "మరీ గుర్రమేం కాలేదు గానీ, దమ్ము కాస్త నిలబడింది."

మేస్త్రి ముఖం మాత్రం వాడిపోయింది. యాక్సిలరేటరు నొక్కినప్పుడల్లా కారు ముందునుంచి 'గుర్ర్' మని లోతైన మోత వస్తోంది. పాత డబ్బా గాలి చప్పుడుని మింగేసేది. ఇప్పుడు ఇంజిన్ పీల్చే ప్రతి గుక్కా బయటికి వినబడుతోంది.

"గోల" అన్నాడు.

"ఏముందిలే."

"నా గొట్టం ఏనాడూ నోరెత్తలేదు. ఇది వీధంతా వినబడుతోంది. నువ్వు ఊరుకో, రేపు సంగతి చూస్తాను."

శనివారం పొద్దున్నే మోత అణిచే స్పాంజి షీటు కొని తెచ్చాడు. గొట్టానికి చుట్టేలోపే పాఠానికి నర్సమ్మ వచ్చేసింది. ఊపిరితిత్తుల వార్డులో పెద్ద నర్సు. ఎంతటి మొండి పేషెంటైనా ఆమె చూపుకి మాత్ర మింగేస్తాడని పేరు. కారెక్కితే మాత్రం అరచేతులు చెమట. పరీక్షలో ఆ ఎక్కుడు దగ్గరే ఇంతకుముందు తప్పింది.

"పోయే ప్రాణాన్ని పట్టుకుంటాను గానీ టీచరమ్మా, ఈ క్లచ్చిని పట్టుకోలేకపోతున్నానండీ."

"పట్టుకోవద్దు, వదలాలి దాన్ని. ఎప్పుడు వదలాలో తెలిస్తే చాలు. ఎక్కండి."

మోత ఎక్కడ ఎక్కువగా ఉందో కనిపెట్టాలని మేస్త్రి స్పాంజి చుట్ట ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు.

"ఈయన కూడా నేర్చుకుంటున్నారా?" అడిగింది నర్సమ్మ.

"ఆయన గాలి వింటారు. మీరు రోడ్డు చూడండి."

వంతెన మధ్యలో టీచరమ్మ ఆపమంది. నర్సమ్మ ఆపింది. హ్యాండ్‌బ్రేకు లాగింది. వెనక ఒక ఆటో, దాని వెనక వ్యాను. నర్సమ్మ కళ్లు తన కాళ్ల వైపు జారాయి.

"కాళ్లు చూడకండి. అవెక్కడికీ పోవు. కొంచెం యాక్సిలరేటరు… అంతే, అక్కడే ఉంచండి. ఇప్పుడు క్లచ్చి మెల్లగా…"

మోత మొదలైంది. మేస్త్రి వెనక సీట్లో తల వంచుకున్నాడు. క్లచ్చి పైకి వస్తున్నకొద్దీ ఆ మోత సన్నగా మారడం మొదలుపెట్టి, ఒక్కచోట ఠక్కున బొంగురుపోయింది.

"ఆయాసం వచ్చింది!" అంది నర్సమ్మ.

టీచరమ్మ ఆమె వైపు తిరిగింది. "ఏమన్నారు?"

"ఊపిరి మారింది కదండీ. ఇప్పుడే బరువెత్తుకున్నట్టు."

"ఎత్తుకుంది. కారుని ఎత్తుకుంది. హ్యాండ్‌బ్రేకు వదలండి."

వదిలింది. కారు వెనక్కి అంగుళం జారలేదు. బొంగురుగా గొణుక్కుంటూ ముందుకి కదిలి, వంతెన పైకి ఎక్కేసింది. వెనక ఆటోవాడికి హారన్ కొట్టే అవకాశమే రాలేదు.

అవతల దిగి, మలుపు తిరిగి, మళ్లీ వచ్చారు. మళ్లీ ఆపింది. ఈసారి నర్సమ్మ కళ్లు మూసుకుంది.

"అమ్మా తల్లీ, కళ్లు తెరవండి! చెవులతో వినమన్నాను గానీ చెవులతో నడపమన్నానా?"

మళ్లీ ఎక్కింది. ఆ తర్వాత కూడా ఎక్కింది. అప్పటికి నర్సమ్మ కూనిరాగం తీస్తోంది. ఆమెని ఆస్పత్రి గేటు దగ్గర దింపితే, కిటికీలో తల పెట్టి, "టీచరమ్మా, మా డ్యూటీలో ఇంకో ఇద్దరున్నారు. తీసుకొస్తాను. అయితే ఈ కారే కావాలండోయ్!" అంది.

మేస్త్రి వెనకనుంచి దిగి ముందు సీట్లోకి వచ్చాడు. ఒళ్లో ఇంకా స్పాంజి చుట్ట ఉంది.

"ఇన్నేళ్లుగా నేను గొంతు చించుకుని చెబుతున్నా, ఇంజిన్ని వినండి వినండి అని" అందామె. "వినడానికి వాళ్లకేం వినబడేది బావా? ఆ డబ్బా అంతా మింగేస్తే!"

"గోల కదే అది."

"గోలే. నీ గోలంత కమ్మని గోల ఈ ఊళ్లో లేదు. ఆ స్పాంజి తీసుకెళ్లి నీ దిండులో కుక్కుకో."

మేస్త్రి అద్దంలోకి చూసుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడి ఉన్నాడు. చెయ్యి చాపి, ఎందుకో, డ్యాష్‌బోర్డు మీద రెండు సార్లు తట్టాడు.

ఫోను మోగింది. పెద్ద స్కూలు కుర్రాడు. ఆమె ఇంజిన్ ఆపకుండానే ఎత్తింది.

"ఆఁ, చెప్పు నాన్నా… తెలుసు, ఈవేళ శనివారమే… లేదమ్మా, నేను రావడం లేదు. సోమవారం నుంచి వరండాలో ఇంకో బెంచీ వేయిస్తున్నాను. నీ దగ్గర ఎక్కుడులో భయపడేవాళ్లెవరైనా ఉంటే ఇటు పంపించు."