గోడవైపు తిరిగిన కాగు

ఆ రోజుల్లో, అంటే మరీ పాత సంగతేం కాదు, అప్పటికే అందరి చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి, మ్యూజియంలో పెట్టిన వస్తువు అబద్ధం చెప్పదని నాకు గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ల వయసు, భద్రాచలం రోడ్డు మీద కొత్తగా తెరిచిన చిన్న మ్యూజియంలో గైడు ఉద్యోగం, మెడలో ఐడీ కార్డు. (కొన్నాళ్లు దాన్ని వేసుకునే పడుకున్నాను, నవ్వకండి.) మా పెద్దసారుకి ప్రతిదాని ముందూ 'మన' చేర్చే అలవాటు. మన రాయి, మన కుండ. అడివి ఊళ్ల నుంచి తెచ్చిన డోలుకి 'మన ప్రాచీన వైభవం' అని బోర్డు. ఆ డోలు నిరుడు జాతరలో మోగిందే! అందుకే చాటుగా ఆయన్ని 'మన సారు' అనేదాన్ని.

పాల్వంచ బజార్లో గిన్నెల మీద పేర్లు చెక్కే ముసలాయన ఒకడుండేవాడు. అందరికీ ఆయన పేర్ల తాత. తన తాత చేసిన రాగి కాగు తెచ్చి మాకిచ్చాడు. దాని పొట్ట మీద ఉర్దూలో ఒక పేరు.

"ఊరందరి పేర్లు కొట్టిండు మా తాత. సొంత పేరు కొట్టుకున్నది గీ ఒక్కదాని మీదనే బిడ్డా. ఇంట్ల ఉంటే రేపెవడో కరిగిస్తడు. ఈడుంటే నా మనవరాలు, దాని పిల్లలు వచ్చి చదువుకుంటరు" అన్నాడు.

మన సారు ఆ కాగుని, పేరు గోడవైపుకి పోయేలా పెట్టించారు. "ఆ రాత చూస్తే జనం తికమకపడతారమ్మా. ఇటువైపు చూడు, నున్నగా, ఎంత ప్రాచీనంగా ఉందో!" అన్నారు. ఆయన టీకి వెళ్లగానే నేను తిప్పాను. వచ్చి ఆయన తిప్పారు. వారమంతా ఇదే వరస. ఆ మ్యూజియంలో కదిలే వస్తువు అదొక్కటే. చివరికి ఆయన దాన్ని గాజుపెట్టెలో పెట్టి తాళం వేసుకున్నారు. నేనేం తక్కువ తిన్నానా? హాస్టల్ గదిలోని నా అద్దం తెచ్చి, పెట్టెకీ గోడకీ మధ్య సందులో దూర్చాను.

మర్నాడు పేర్ల తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు పూసుకుని, మనవరాలితో వచ్చాడు. ఆ పిల్ల అద్దంలోకి చూసి, "ఉల్టా ఉంది దాదా, చదవొస్తలేదు" అంది.

"ఉల్టా అయితేంది, మన తాతనే" అని నవ్వాడు. తర్వాత పెట్టె మీది 'మన ప్రాచీన కాగు' అన్న బోర్డు వైపు చూశాడు. "బిడ్డా, గీడ 'మన' అని రాసిన్రు గదా. అండ్ల మేం ఉన్నమా?"

"అయ్యో, ఉన్నరు తాతా!" అన్నాను, గైడు గొంతుతో.

"ఉంటే మరి మా తాత మొఖం గోడకెందుకు పెట్టిన్రు?"

నేను వంగి, సందులోని అద్దాన్ని కాస్త సర్దాను. ఆయనే నా తల నిమిరి, "అద్దం మంచిగ పెట్టినవ్ బేటీ" అని పిల్లని తీసుకుని వెళ్లిపోయాడు. మర్నాటికి అద్దం లేదు. నెల తిరిగేసరికి ఆ ఉద్యోగంలో నేనూ లేను. ఆ వానాకాలంలోనే పేర్ల తాత పోయాడు. ఆయన మనవరాలికి ఆ పేరు సరిగ్గా ఒక్కసారైనా చూపించలేకపోయాను.

మొన్న ఆ దారిన పోతూ మ్యూజియం దగ్గర దిగాను. కాగు అలాగే ఉంది. గోడకి చెంప ఆనించి, ఒంటికన్నుతో సందులోకి చూస్తే చివరి అక్షరం తోక మాత్రం కనిపించింది. మెడలో ఐడీ కార్డున్న కొత్త గైడమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

"ఏందక్కా, ఏమన్న పడిపోయిందా?"

"అవ్" అన్నాను.

పాపం, ఆ పిల్ల మరో మాట అడక్కుండా అటువైపు నుంచి వంగి, సందులో వెతకడం మొదలుపెట్టింది. అచ్చం నన్నే చూసినట్టయింది. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.