పలక మీద పదకొండు పేర్లు

ద్రాక్షారామం గుడిలో ఒక రాతి స్తంభం మీద నేను మొదట గుర్తుపట్టిన అక్షరం 'ర'. గుర్తుపట్టాననే అనుకున్నాను.

యాభై నాలుగో ఏట అక్షరాలు నేర్చుకున్నదాన్ని. మా ఊరి బడి వరండాలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్ళకి చదువు చెప్పే మాస్టారు ఒక ఆదివారం మా నాట్ల జట్టు ఆడవాళ్ళలో ఆరుగురిని ఆ గుడికి తీసుకెళ్ళారు. అప్పటికి నాకు చదువు పిచ్చి ఎంతగా ముదిరిందంటే, బస్సు కిటికీలోంచి కనబడిన బోర్డల్లా పైకే చదివాను. పక్కన కూర్చున్న మా వదిన చెవులు మూసుకుంది.

ఆ గుడికి అంతకుముందు నాలుగైదుసార్లు వెళ్ళాను. రాళ్ళ మీద గీతలుంటే, పాతబడిన రాయి మీద పడే గాట్లనుకున్నాను. అవి రాతలని ఆ రోజే తెలిసింది. పాత లిపి తనకూ కొంచెమే వచ్చంటూ మాస్టారు ఒక్కొక్కటీ చూపించారు. దేవుడి ముందు దీపం ఆరకుండా ఉండాలని ఎవరో గొర్రెల మందనిచ్చారట. వాటి పాలు కాచి నెయ్యి, ఆ నెయ్యితో దీపం.

"అన్నీ రాజులే ఇచ్చారాండి?" అన్నాను.

"రాజులూ ఉన్నారు. వ్యాపారులున్నారు, సైనికులున్నారు. ఇదిగో, ఈమె ఆడమనిషి."

"ఎవరి భార్యండి?" అంది మా వదిన.

"అది లేదమ్మా ఇక్కడ. ఈమె పేరుంది, ఇచ్చిందేంటో ఉంది. అంతే."

ఆమె పేరున్న చోటే మళ్ళీ మళ్ళీ వేలితో తడిమాను. ఎందుకో చెప్పాలంటే ముందు రోజు నేను చేసిన పని చెప్పాలి.

మా పేటలో రామాలయం కొత్తగా కడుతున్నారు. దాని పునాది మెరక చేసింది మా జట్టే. నాట్లు లేని ఎండాకాలంలో పదకొండు మందిమి కాలవ గట్టు నుంచి తట్టలతో మట్టి మోశాం, కూలి తీసుకోకుండా. అందుకని దాతల గ్రానైట్ పలక మీద మాకూ చోటిస్తామన్నారు కమిటీ ప్రెసిడెంటు గారు. జట్టులో నా రాతే కుదురుగా ఉంటుంది కాబట్టి జాబితా నేను రాశాను. పదకొండు వరుసలూ 'ఫలానా గారి భార్య' అనే రాశాను. మా వయసు ఆడవాళ్ళం మొగుడి పేరు నోటితో పలకం. ఒకరి మొగుడి పేరు ఇంకొకరు చెబుతుంటే రాసుకున్నాను. నా వరుస వచ్చేసరికి ఎవర్నీ అడగలేదు. పలకకూడదన్నారు గానీ రాయకూడదని ఎవరూ అనలేదు కదా. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో మొదటిసారి ఆయన పేరు నా చేత్తో నేను రాసి మురిసిపోయాను. ఆ మురిపెంలో, మట్టి మోసిన పదకొండు మందిలో ఒక్కరి పేరూ కాగితం మీద లేదని నాకు తట్టనే లేదు.

కాగితం రావులపాలెంలో పేర్లు చెక్కే షాపుకి చేరిపోయింది. సోమవారం పొద్దున్నే మిషన్ మీద పెడతామన్నారు. రాయి మీద పడ్డాక కొట్టివేతలుండవు.

గుడంటే దేవుడిల్లే అనుకునేదాన్ని. ఆ స్తంభాల మధ్య తిరుగుతుంటే నాకు ఆనాటి ఊరే కనబడింది. గొర్రెలున్నవాడు, వాటిని మేపేవాడు, రోజూ ఇంత నెయ్యి తెచ్చి పోయవలసినవాడు, తన పేరు తాను వేయించుకున్న ఆడమనిషి. అయినా ఒకటి అడక్కుండా ఉండలేకపోయాను.

"ఇన్ని బండలు మోసిందెవరండి? వాళ్ళ పేర్లెక్కడున్నాయి?"

"నేను చదవగలిగినంతలో లేవమ్మా," అన్నారు మాస్టారు. "ఆ రోజుల్లో ఎవరు లెక్కో, ఎవరు కాదో కూడా ఈ రాళ్ళే చెబుతాయి."

ఇక అక్కడ నా కాలు నిలవలేదు. ప్రసాదం చేతిలో పట్టుకునే బస్సెక్కించాను అందరినీ.

రావులపాలెంలో దిగేసరికి షాపు తెరిచే ఉంది. సంగతి విని మాస్టారు ప్రెసిడెంటు గారికి ఫోన్ కలిపి నాకిచ్చారు.

"ఏంటమ్మా, మగాళ్ళ పేర్లు తీసేస్తే ఇళ్ళల్లో గొడవలు రావూ?" అన్నారాయన.

"మట్టి వాళ్ళు మోయలేదు కదండి."

"నిజమేననుకో. కానీ కొలతలు వేసేశారు. ఇప్పుడు మారిస్తే పలక మీద పట్టదేమో."

షాపాయన టేపు పెట్టి చూశాడు. "పట్టకపోవడమేంటండి, 'గారి భార్య' పోతే సగం రాయి మిగులుద్ది."

"చూశావా, మొగుళ్ళు లేకపోతే ఎంత చోటో," అంది మా వదిన. ఫోన్లో ప్రెసిడెంటు గారూ నవ్వారు. "సరే, రాయించండి. రేపు ఎవరైనా అడిగితే మాత్రం నన్ను ముందు పెట్టకండి," అన్నారు.

రాని ఐదుగురికీ ఫోన్లు చేశాను. అందులో ఒకామెను మేమంతా 'పెద్దోడి అమ్మ' అనే పిలుస్తాం. ముప్ఫై ఏళ్ళు ఒకే గట్టు మీద కూర్చుని అన్నం తిన్నాం. పేరు నాకు తెలియదు.

"ఒసే, నీ పేరేంటే?"

"మతి పోయిందా నీకు?"

"రాయి మీద వేయాలి. చెప్పు."

మెల్లగా చెప్పింది. ఎంత మంచి పేరో. ఇక్కడ రాయను, పలక మీదుంది.

మాతో వచ్చిన వాళ్ళలో ఒకామె మాత్రం అడ్డం తిరిగింది. "నాది మార్చొద్దక్కా. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. ఆ పేరు ఇంకెక్కడా లేదు." వాదించబోయి ఆగిపోయాను. ఆమె పేరు రాసి, కింద ఆయన పేరూ రాశాను. మిగిలిన చోటుంది కదా. ఇంకా మిగిలితే అన్నిటికీ పైన 'పునాదికి మట్టి మోసినవారు' అని చేర్చాను.

రాయి మీద తప్పు పడితే తన పూచీ లేదని, ఒకసారి పైకి చదవమన్నాడు షాపాయన. చదివాను. ఒక్కో పేరుకీ దాని మనిషి తలెత్తి చూసింది. నా పేరు దగ్గరికొచ్చేసరికి గొంతు కాస్త పెద్దదయింది, కావాలని కాదు.

"మొదటి వరుస ఇప్పుడే చెక్కండి, చూసి వెళ్తాం," అన్నాను.

"బస్సు వెళ్ళిపోతుందమ్మా," అన్నారు మాస్టారు.

"ఇంకోటి వస్తుంది కదండి," అంటూ మా వదిన మిషన్ ఎదురుగా ఉన్న బండ మీద చతికిలబడింది.